మెంతుల గిన్నెలో మాత్రలు

నా రాతలో తప్పులుంటే మన్నించాలి. ముసలితనంలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులు ఒక్కోసారి పడాల్సిన చోట పడవు, ఒక పేజీ నిండడానికి ఒక పూట పడుతుంది. ఆ రోజు స్టేజీ పక్కన కూర్చుని పాట పాడింది నేనే కాబట్టి, చూసింది చూసినట్టు, శారద తర్వాత చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

శారద ఆ ఉగాది కోసం ఎదురుచూసినట్టు తన పెళ్ళి కోసం కూడా చూసి ఉండదు. అమెరికాలో మోరిస్‌విల్ తెలుగువాళ్ళు హైస్కూల్ ఆడిటోరియంలో చేసే సంబరాల్లో పన్నెండు మంది ఆడవాళ్ళు జడకోపు వేయబోతున్నారు. పైనుంచి వేలాడే రంగు రంగుల రిబ్బన్లు తలా ఒకటి కోలకు కట్టుకుని, ఒకరి పక్కనుంచి ఒకరు దూరుతూ ఆడుతుంటే పైన జడ అల్లుకుంటూ వస్తుంది. అల్లడం ఎవరైనా నేర్చుకుంటారు. కష్టమంతా విప్పడంలో ఉంది. వచ్చిన దారినే వెనక్కి ఆడాలి. ఒక్కరు తప్పితే ముడి పడుతుంది, ఇక రిబ్బన్లు పట్టుకుని అందరూ దిక్కులు చూడాల్సిందే. ఆ విప్పడం మోరిస్‌విల్ మొత్తానికి శారద ఒక్కతికే తెలుసు. చిన్నప్పుడు తెనాలి దగ్గర మేనత్త నేర్పింది. అరవై దాటినా ఆమె కాళ్ళు అది మరిచిపోలేదు.

జట్టులోనే ఉన్న వసుమతి, శారద వదినా అని పిలుచుకునే స్నేహితురాలు. ఆమె ఇంటి ముందు బాస్కెట్‌బాల్ హూప్‌కి రిబ్బన్లు కట్టి ప్రాక్టీసు చేసేవాళ్ళు. కార్లలో పోయే తెల్లవాళ్ళు స్లో చేసి మరీ చూసేవారు. శారదకు ఒళ్ళంతా ఉత్సాహమే. ఇంటికొచ్చి అంట్లు తోముతూ కూడా అడుగులు వేసేది.

ఒక సాయంత్రం కూతురు అదితి ఆమె ముంజేతిని పట్టుకుంది.

"అమ్మా, ఇదేంటి?"

"ఏముందే, గాజు ఒత్తుకుంది."

"గాజు ఒత్తుకుంటే వంకాయ రంగొస్తుందా? కోల తగిలింది కదూ."

శారద చెయ్యి వెనక్కి లాక్కుంది. కిందటి వేసవిలో ఇండియా నుంచి వచ్చిన కొద్ది రోజులకే ఆమె ఎడమకాలు వాచింది. విమానంలో గంటల తరబడి కదలకుండా కూర్చోవడంతో పిక్కలో రక్తం గడ్డకట్టిందని ఎమర్జెన్సీలో స్కాన్ చేసి చెప్పారు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పన్నారు. అప్పటినుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మాత్ర. అది కొత్త గడ్డలు కట్టకుండా కాపాడుతుంది గానీ, చిన్న దెబ్బ తగిలినా చర్మం కమిలిపోతుంది. ఇక కోలాటంలో దెబ్బలకేం కొదవ?

"చేతికి తగిలింది సరే. రేపు ఆ కర్ర తలకి తగిలితే? లోపల బ్లీడ్ అయినా మనకి తెలీదు. డాక్టర్ చెప్తుంటే విన్నావుగా," అంది అదితి.

"కోలాటంలో తలలు పగలగొట్టుకుంటారటే? వీధి కొట్లాటనుకున్నావా?"

"ఇంకొక్క మచ్చ కనిపించిందంటే ప్రోగ్రాం లేదు. నేనే ఫోన్ చేసి నీ పేరు తీయించేస్తాను."

అదితి అన్నంత పనీ చేసే మనిషి. ఆ పాత మచ్చ మాసిపోయేసరికి ఉగాది దగ్గరపడింది. శారద ఆలోచించింది. మచ్చ వచ్చేది మాత్ర వల్ల. మాత్ర మానేస్తే మచ్చ రాదు. పండగ అయ్యాక మళ్ళీ వేసుకుంటే సరిపోతుంది. అంత తేలికగా దారి దొరికినందుకు తన తెలివికి తనే మురిసిపోయింది. ఆనాటినుంచి అదితి చేతిలో పెట్టిన మాత్ర నోటిదాకా పోయి, అటునుంచి పోపుల డబ్బాలో ఖాళీగా ఉన్న మెంతుల గిన్నెలోకి చేరేది. ఆ ఇంట్లో పోపుల డబ్బా జోలికి శారద తప్ప ఎవరూ పోరు.

పండగ రోజున ఆడవాళ్ళకు కెమిస్ట్రీ క్లాస్‌రూమ్ ఇచ్చారు, చీరలు కట్టుకోవడానికి. బల్లల నిండా పూలు, పిన్నులు, అద్దాలు. శారద ఆకుపచ్చ చీరలో కాలు నిలవక తిరుగుతోంది. వసుమతిని పక్కకు లాగి చేతులు చూపించింది.

"చూశావా వదినా, ఒక్క మచ్చ ఉందేమో చూడు."

"అవునే, తెల్లగా ఉన్నాయి. ఏం రాశావేంటి?"

"ఏమీ రాయలేదు. మాత్ర ఆపేశాను." గొంతు తగ్గించి అంది. "రెండు రోజులు దాటింది. హాయిగా ఉంది."

వసుమతి నవ్వలేదు. ఆమెకు గుండె లయ తప్పుతుంది. అలాంటి గుండెలో గడ్డ కట్టి మెదడుకు పోకుండా ఆమెకూ అదే రకం మాత్ర ఇచ్చారు.

"నేను పూర్తిగా ఆపలేదులే," అంది మెల్లగా. "జనవరి వస్తే ఇన్సూరెన్స్ మళ్ళీ మొదటికొస్తుందిగా, కొంత సొమ్ము మన చేతినుంచి కట్టేదాకా వాళ్ళేమీ ఇవ్వరు. ఆ బిల్లు చూస్తే మా ఆయన మొహం మాడిపోతుంది. అందుకని రెండు పూటలదీ ఒక పూటే వేసుకుంటున్నా. ఆయనకి తెలీదు."

వెనకాల శారద కొంగుకు పిన్ను పెడుతున్న నిధి చెయ్యి ఆగిపోయింది. నిధి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మందుల షాపులో ఫార్మసిస్ట్. ఆమె కూడా ఆ పన్నెండు మందిలో ఒకతె.

"ఆంటీ, మీరు ఇద్దరూ జోక్ చేస్తున్నారు కదా?"

ఇద్దరూ తలలు దించుకున్నారు.

"ఓ మై గాడ్. శారద ఆంటీ, కూర్చోండి. కాలు చూపించండి." నిధి పట్టుచీరతోనే నేల మీద కూలబడి రెండు పిక్కలూ నొక్కి చూసింది. "పెయిన్ ఉందా? ఊపిరి ఆడుతుందా బాగా? చెస్ట్ దగ్గర ఏమన్నా?"

"ఏమీ లేదమ్మా, గుర్రంలా ఉన్నాను."

"ఆ మెడిసిన్ ఒక రోజులోనే బాడీలోంచి వెళ్ళిపోద్ది ఆంటీ. ఇప్పుడు మీకు ప్రొటెక్షన్ జీరో. అదితి అక్కకి మీరు చెప్తారా, నేను చెప్పాలా?"

"అది నన్ను స్టేజీ ఎక్కనివ్వదు నిధీ."

"నేను కూడా ఎక్కనివ్వను, డాక్టర్ ఓకే అనే వరకు."

అదితి జడగంటలు తీసుకుని లోపలికి వచ్చింది. శారద చెప్పేసింది, మెంతుల గిన్నెతో సహా. అదితి కోప్పడుతుందనుకున్నారు అందరూ. ఆమె జడగంటలు బల్ల మీద పెట్టింది.

"మచ్చ కనిపిస్తే ఆడనివ్వనన్నానని," అంది. "అంతేనా?"

"అంతేనే."

అదితి ఫోన్ తీసింది. డాక్టర్ ఆఫీసువాళ్ళ నర్స్ లైన్, సెలవు రోజున కూడా సలహా చెప్పే నంబరు. వెయిట్ చేయమని సంగీతం. అవతల స్టేజీ మీద పిల్లల డాన్సు, దాని తర్వాత ఒక అబ్బాయి పాట, ఆ తర్వాత వీళ్ళే. సంగీతం ఆగి నర్సు పలికింది. ప్రశ్న మీద ప్రశ్న అడిగింది. డాక్టర్‌ను అడిగి వస్తానని వెళ్ళి, మళ్ళీ లైన్లోకి వచ్చింది. వాపు లేదు, ఆయాసం లేదు కాబట్టి మాత్ర వెంటనే వేసుకోవాలి, తప్పినవాటికి బదులుగా రెండు కలిపి వేసుకోకూడదు, రాత్రి మాత్ర మామూలే. కాలు వాచినా, ఊపిరి అందకపోయినా, తలకు దెబ్బ తగిలినా ఎంత బాగున్నట్టు అనిపించినా సరే తిన్నగా ఎమర్జెన్సీకి. సోమవారం వచ్చి చూపించుకోవాలి.

"మరి డాన్సు?" అని అడిగింది శారద, ఫోన్‌లోకి వంగి, తెలుగులోనే.

అదితి ఇంగ్లీషులో చెప్పింది. నర్సు నవ్వింది. కాళ్ళు కదపడం మంచిదే, పడకుండా చూసుకుంటే చాలంది.

"మాత్ర లేకుండా స్టేజీ లేదు," అంది నిధి.

"నా బ్యాగులో ఉన్నాయి కదే, ఒకటిస్తా," అంది వసుమతి.

"నో ఆంటీ. డోస్ వేరే అయితే? ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వను."

ఇంటి దగ్గరే ఆగిపోయిన అదితి భర్త అనూప్‌కు ఫోన్ వెళ్ళింది. మందుల సీసా ఇంట్లో అదితి అల్మారాలో ఉంది, కానీ దాని తాళంచెవి ఇక్కడ ఆమె బ్యాగులో. "మెంతుల గిన్నెలో ఉన్నాయి బాబూ," అని శారద అరిచింది. అనూప్‌కు మెంతులేవో ధనియాలేవో తెలియదు. సరేనని కారు తీశాడు.

పిల్లల డాన్సు అయిపోయింది. పాట మొదలైంది. మిగతా పదకొండు మంది ఆడవాళ్ళు కోలలు పట్టుకుని తలుపు దగ్గర బారు తీరారు. శారద మాత్రం కుర్చీలో, చేతిలో నీళ్ళ సీసాతో. పాట రెండో చరణానికి వచ్చింది. "ఆ అబ్బాయిని ఇంకో చరణం పాడమనండి," అంది ఎవరో. అంతలో కారిడార్‌లో బూట్ల చప్పుడు. అనూప్ పరుగున వచ్చాడు, రొమ్ముకు హత్తుకుని మొత్తం పోపుల డబ్బాతో.

"ఏది ఏదో తెలీలేదు అత్తయ్యగారూ, అంతా తెచ్చేశా."

మూత తీయగానే ఇంగువ వాసన గదంతా కమ్మింది. నిధి ఒక మాత్ర ఏరి, దాని మీది అక్షరాలు చూసి, తుడిచి ఇచ్చింది. శారద గుటుక్కున మింగింది.

"ఇంగువ ఘాటు తగిలిందే," అంది.

"బాగా అయింది," అంది అదితి. తన స్కార్ఫు విప్పి తల్లి ముంజేతికి మందంగా చుట్టి కట్టింది. రెండో చేతికి నిధి తన బ్యాగులోని చున్నీ ఇచ్చింది.

నేను పాట ఎత్తుకున్నాను. కోలలు మోగాయి. జడ చక్కగా దిగింది, పసుపూ ఎరుపూ పచ్చా. జనం ఈలలు వేశారు. ఇక విప్పాలి. అప్పుడు వసుమతి తప్పింది. ఆమె ఆలోచన ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు. కుడికి పోవాల్సింది ఎడమకు పోయింది. రిబ్బన్లు రెండు మెలిపడ్డాయి, పైన ముడి బిగుసుకుంది. నేను పాట ఆపకుండా అదే చరణం మళ్ళీ ఎత్తుకున్నాను.

"వదినా, నా కిందనుంచి రా," అంది శారద, ఆట ఆపకుండానే. "నిధీ, నిలబడు. ఇప్పుడు పో." కంగారులో వసుమతి కోల వచ్చి శారద ముంజేతికి తగిలింది. శారద కన్ను కూడా ఆర్పలేదు. ఒక్కో రిబ్బనూ ఒక్కో దారినే వెనక్కి నడిపించింది. ముడి వదులైంది. ఆపైన జడంతా చకచకా విడిపోయి పన్నెండు రిబ్బన్లూ విప్పారాయి. ఆడిటోరియం లేచి నిలబడింది. అనూప్ పోపుల డబ్బా మీద దరువు వేశాడు.

భోజనాల దగ్గర వసుమతి తన భర్త రాజగోపాల్‌ను పక్కకు పిలిచి అంతా చెప్పింది. నిధి వాళ్ళ మధ్య నిలబడింది.

"బిల్లును నెలనెలా కట్టుకోవచ్చు అంకుల్, ప్లాన్ ఉంది. లేకపోతే పాతకాలం నాటి మాత్ర వేరే ఉంది, చాలా చీప్, డాక్టర్‌ని అడగండి. కానీ దానికి తరచూ బ్లడ్ టెస్ట్ చేయించాలి. ఆకుకూరలు కూడా రోజూ ఒకేలా తినాలి. ఒక రోజు పెద్ద గిన్నె గోంగూర, నెక్స్ట్ డే ఏం లేదు, అలా కుదరదు."

"గోంగూర మానేసే కంటే నెలనెలా కట్టడమే నయం," అన్నాడు రాజగోపాల్. ఆ పైన భార్య వంక చూసి, "నాతో చెప్పొచ్చుగా వసూ," అన్నాడు. వసుమతి ప్లేటు వంక చూస్తూ తలూపింది.

మర్నాడు పొద్దున శారద కాఫీ కప్పు కూతురి ముందు పెట్టి, చేతిని అక్కడే ఉంచింది. స్కార్ఫు చుట్టినా, ముంజేతి మీద నేరేడుపండంత మచ్చ తేలింది.

అదితి దాన్ని వేలితో తాకింది. "నొప్పిగా ఉందా?"

"లేదు."

"ఎవరు కొట్టారు?"

"మీ వసుమతి ఆంటీ."

అదితి మాత్ర తీసి తల్లి అరచేతిలో పెట్టింది. శారద మింగి, నోరు తెరిచి చూపించింది. అదితికి నవ్వొచ్చింది.

"ఇకనుంచి మచ్చ పడితే దాచకు, చూపించు. ఆపేయమని అనను," అంది. ఆ పైన లేచి మూలనున్న కోలలు తీసుకుంది. "ఆ విప్పేది ఎలాగో నాక్కూడా చెప్పు. వచ్చే ఏడు ముడిపడితే నువ్వొక్కతివే ఎందుకు దెబ్బలు తినాలి?"

శారద కాఫీ వదిలేసి లేచింది.

గొర్రెపాటి నాంచారమ్మ, డెబ్బై నాలుగేళ్ళు, ఇప్పుడు ఉండేది మోరిస్‌విల్, నార్త్ కరోలినా.