వేళగాని కూత

పొద్దున్న పావు తక్కువ ఏడుకి మిల్లు కూసింది. మణెమ్మ దుప్పటి పక్కకి తోసి మొగుణ్ణి తట్టింది.

"ఏవండీ, కూతైపోయింది. లేవండి, బస్సు పోతుంది."

బాల్‌గ్రీలో అందరూ ఆ కూతకే లేస్తారు. ఎడిన్‌బరో పెరిగి పెరిగి వచ్చి ఆనుకున్న పల్లె అది. ఒకప్పుడు కాగితం మిల్లు ఊరు. మిల్లు పడగొట్టి నలభై ఏళ్ళు దాటింది. దాని చోట సూపర్‌మార్కెట్టూ, కార్ పార్కూ, ఒక వరస కొత్త ఇళ్ళూ లేచాయి. కూత మాత్రం కార్ పార్కులో దీపస్తంభాలకి కాస్త పైనుంచి రోజుకి మూడుసార్లు వస్తూనే ఉంది. ఇల్లు కొనేవాళ్ళకి లాయర్లు ముందే చెబుతారు. జులైలో మొదటి రెండు వారాలూ మిల్లు సెలవులు కనక కూత ఉండదు. ఆ పదిహేను రోజులూ సగం ఊరికి బస్సు తప్పిపోతుంది.

మణెమ్మది ఏలూరు. వాళ్ళమ్మ జూట్ మిల్లు కూత వినే ఎసరు పెట్టేది. అందుకే ఈ ఊరొచ్చిన మొదటి పొద్దున కూత చెవినపడగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మిల్లెక్కడుందని అడగాలని కూడా తోచలేదు.

రెండేళ్ళలో ఊళ్ళో ఆమెకి చుట్టమైంది ఆ కూతొక్కటే. మొగుడు జార్జి హాస్పిటల్ లాండ్రీకి పోతాడు. ఆమె కేరర్. రోటా ప్రకారం ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, మందులిచ్చి, ఇంత తినిపించి వస్తుంది. ఊరివాళ్ళు మంచివాళ్ళే. ఎదురైతే వాన గురించి రెండు ముక్కలు మాట్లాడి తలుపులేసుకుంటారు. లీడ్స్‌లో ఉన్న పిన్ని కూతురు రాచెల్ ఆదివారం ఆదివారం ఫోన్లో పోరుతోంది. "ఇక్కడికొచ్చెయ్యండక్కా. నేను పనిచేసే కేర్ హోంలో మీ ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. తెలుగు చర్చి ఉంది. ఆ మంచులో మీకెవరున్నారు?" జార్జి నెలాఖరుకి వస్తామని మాటిచ్చేశాడు కూడా.

ఆ గురువారం మూడు గంటలకి మణెమ్మ ఆర్చీ ఇంటికెళ్ళింది. ఆర్చీకి ఎనభై నాలుగు. మిల్లు మూతపడేదాకా గేటు దగ్గర హాజరు తీసుకున్న మనిషి. ఈ మధ్య మతిమరుపు ముదిరింది. "వాల్టర్ ఇంకా రాలేదు," అంటూ కిటికీ వదలడు. వాల్టర్ ఎవరని అడిగితే చెప్పడు.

వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. కుర్చీ ఖాళీ. కోటు కొక్కేనికే ఉంది.

బయట మంచూ వానా కలిసి కొడుతోంది. ఊరి పక్క ఏరు నిండుగా పారుతోంది. మణెమ్మ పోలీసులకి ఫోన్ చేసింది, ఆఫీసుకి చేసింది. "ఆయనకేమన్నా అయితే నీ ఉద్యోగం..." అని అటువైపు మేనేజరు మాట మింగేసింది. ఏటి గట్టు మీద పరిగెత్తింది, అరిచింది. ఒక్క కుక్క కూడా పలకలేదు. ఊరంతా హీటర్ల దగ్గర ముడుచుకుని ఉంది. పరుగెత్తి పరుగెత్తి కార్ పార్కు మధ్యకొచ్చి ఆగిపోయింది. ఇంకెటు పోవాలో తెలీలేదు. ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. తల పైకెత్తింది.

"రోజుకి మూడుసార్లు కూస్తావు కదే! మనిషి పోతుంటే నోరు పెగలదా నీకు?" అని తెలుగులోనే తిట్టింది.

మూడూ ఇరవైకి మిల్లు కూసింది. ఒకటి కాదు, పొడుగాటి కూతలు మూడు.

తలుపులు తెరుచుకున్నాయి. ఎప్రన్లతో, ఇంటి చెప్పులతో, సబ్బు చేతులతో జనం వచ్చేస్తున్నారు. పొద్దుటి షిఫ్టు అయ్యొచ్చి పడుకున్న జార్జి కూడా లుంగీ మీద కోటు తొడుక్కుని వచ్చాడు. సూపర్‌మార్కెట్లో బిల్లులు వేసే మోయిరా క్యూని అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"వేళగాని కూతంటే మిల్లు కాలవలో ఎవరో పడ్డట్టు," అంటూ మోయిరా మణెమ్మ చెయ్యి పట్టుకుంది. "మా నానమ్మ చెప్పేది. ఎక్కడున్నవాళ్ళక్కడ వదిలేసి గేటు దగ్గరికి రావాలి. తలలు లెక్కపెడతారు. ఎవరు కనబడట్లేదు?"

"ఆర్చీ."

అంతలో ఏటి వైపునుంచి ఒక మనిషి వస్తూ కనిపించాడు. నడుం దాకా తడిసిపోయి ఉన్నాడు. వణుకుతున్నాడు, కానీ అడుగు తడబడటం లేదు. కూత కూశాక గేటు దగ్గర లేకపోతే ఎలా? ఆయన లేకుండా లెక్కెవరు తీస్తారు?

జార్జి కోటు విప్పి ఆయన భుజాల మీద కప్పాడు. మణెమ్మ ఇంటికి రమ్మంది. ఆర్చీ కదల్లేదు. ఒకప్పుడు మిల్లు గేటున్న చోట, ట్రాలీల పక్కన నిటారుగా నిలబడి పేర్లు మొదలెట్టాడు.

"జెస్సీ బెయిన్!"

"పలకండి, లేకపోతే వెతకడానికి మళ్ళీ ఏట్లో దిగుతాడు," అని అందరికీ వినిపించేలా చెప్పి, మోయిరా చెయ్యెత్తింది. "ఉన్నా!" జెస్సీ అంటే మోయిరా నానమ్మ, ఎప్పుడో పోయింది.

"టామ్ రిచీ!" మనవడు పలికాడు. "పెగ్ లారీ!" చెల్లెలి కూతురు పలికింది. ఎవరూ లేని పేర్లకి కొత్త ఇళ్ళవాళ్ళు పలికారు. ఆర్చీ చూపు మణెమ్మా జార్జిల మీద ఆగింది.

"వీళ్ళిద్దరూ?"

"కొత్తవాళ్ళు. మిల్ రోడ్డు తొమ్మిదో నంబరు," అంది మోయిరా.

"అయితే లెక్కలో ఇద్దరిని కలపాలి," అన్నాడు. ఆ తర్వాత గొంతు సన్నబడింది. "వాల్టర్ గిలెస్పీ."

"ఈయన తమ్ముడు," అని మణెమ్మ చెవిలో గొణిగింది మోయిరా. "పంతొమ్మిదేళ్ళప్పుడు కాలవలో పడ్డాడు. ఆ రోజు లెక్క తీసింది ఈయనే."

"వాల్టర్!" ఆర్చీ ఏటి వైపు తిరుగుతున్నాడు.

"ఉన్నానండీ!" అంది మణెమ్మ. తెలుగు నోట్లోంచి దానంతటదే ఊడిపడింది.

ఆర్చీ వెనక్కి తిరిగాడు. ఆమెని చూశాడు. ఆయన భుజాలు కిందికి జారాయి.

"ఎంత ఆలస్యం చేశావురా," అన్నాడు. "పో, ఇంటికెళ్ళి బట్టలు మార్చుకో. అందరూ ఉన్నారు. ఇక పదండి."

డాక్టరు వచ్చి చూసి, గుండె బాగానే ఉందని, వెచ్చగా ఉంచమని చెప్పాడు. మోయిరా ఇంటినుంచి బార్లీ సూపు వచ్చింది. ఆర్చీ రెండు గిన్నెలు తాగి, కిటికీ వంక చూడకుండానే నిద్రపోయాడు. ఆ తర్వాత ఆయన ఏటి దగ్గరికి మళ్ళీ పోలేదు. మేనేజరుకి ఆ సాయంత్రం పదకొండు ఫోన్లు వెళ్ళాయి. అన్నీ ఒక్కటే మాట: ఆ అమ్మాయి లేకపోతే ఆర్చీ లేడు. కేంబ్రిడ్జ్‌నుంచి ఆర్చీ కూతురు చేసిన పన్నెండో ఫోన్‌లో మాటలకంటే ఏడుపే ఎక్కువ.

ఆదివారం రాచెల్ ఫోన్ మోగింది. జార్జి ఎత్తకుండా మణెమ్మకి అందించాడు.

"రావట్లేదే," అంది మణెమ్మ.

"అదేంటక్కా! అక్కడ మీకెవరున్నారని?"

మణెమ్మ స్పీకర్ నొక్కింది. జార్జి ఫోన్ వైపు వంగాడు.

"మమ్మల్ని లెక్కలో కలిపారమ్మా," అన్నాడు.