డెల్మర్ గ్యారేజీలో దీవి

శనివారం పొద్దు వాలగానే డెల్మర్ కారుని వీధిలోకి తీసి, గ్యారేజీలో తన దీవిని, పసిఫిక్ దీవుల తరహాలో కట్టుకున్న బారుని, తెరిచేవాడు. గోడలకి వెదురు, కప్పుకి తాటాకులు, ఎండిన ఉబ్బుచేపల కడుపుల్లో దీపాలు. కిటికీకి చాప కట్టాలి, బయట కాలిఫోర్నియాలోని అనాహైమ్ వీధి కనబడకూడదు. గడియారం ఉండకూడదు. మందులోకి నిమ్మకాయ అప్పటికప్పుడు పిండాల్సిందే. "ఇవన్నీ ఎవడైనా చేస్తాడోయ్. అసలు సిసలు టికీ బార్ అంటే, యజమాని దీవుల్ని కళ్లారా చూసినవాడై ఉండాలి," అని కోతలు కోసేవాడు.

బారు వెనక టికీ బొమ్మని, ఆ దీవుల దేవుడి విగ్రహాన్ని, తాటిమొద్దుతో అతనే చెక్కాడు. డెల్మర్ రెండో ప్రపంచయుద్ధం కబుర్లు ఎత్తుకోగానే దాని కళ్లలోంచి ఉప్పునీళ్లు కారేవి. ఎవరో ఒకరు లేచి కింద బకెట్ పెట్టి, మళ్లీ గ్లాసు అందుకునేవారు. అది అబద్ధాలకే కారుతుందని తెలిసింది డెల్మర్ ఒక్కడికే. యుద్ధమంతా అతను ఏ దీవికీ పోకుండా, ఇక్కడే ఓక్లండ్ రేవులో బంగాళదుంపలకి చెక్కు తీశాడు.

పక్కింటి విన్స్ తమ్ముడు లూ ఆ యుద్ధంలోనే, పసిఫిక్‌లో తరావా దీవి దగ్గర పోయాడు. శవం కూడా దొరకలేదు, సముద్రంలోనే ఉండిపోయాడు. కిందటి వారం తాగిన మైకంలో డెల్మర్ నోరు జారాడు, లూని ఆఖరుసారి చూసింది తనేనని. విన్స్ ఈ వారం తల్లిని వెంటబెట్టుకొచ్చాడు.

"చెప్పు డెల్. అమ్మ అందుకే వచ్చింది."

అందరూ చూస్తున్నారు. నిజం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"నవ్వుతూ నీళ్లలోకి దూకాడమ్మా. నాకంటే ముందు."

బకెట్ పొంగింది. ముసలామె బూట్లు తడిశాయి. డెల్మర్‌కి తల కొట్టేసినట్టయింది.

ఆమె ఒంగి, వేలు ముంచి నాలుకకి రాసుకుంది. దగ్గరికి రమ్మని సైగ చేసి, అతనొక్కడికే వినబడేట్టు అంది:

"మా లూకి నీళ్లంటే చచ్చేంత భయం బాబూ. వాడు నవ్వుతూ దూకలేదు."

"అమ్మా, నేను... నన్ను క్షమించు."

"చెప్పడం ఆపకు. ఇవి సముద్రపు నీళ్లు, వాడున్న నీళ్లివి. పదిహేనేళ్లుగా వెతుక్కుంటున్నాను." చేతిరుమాలు తడిపి చెంపలకి అద్దుకుంది. "వచ్చే శనివారం కూడా వస్తాను, చెబుతూ ఉండు."

ఆ తర్వాత డెల్మర్ ఇంకెవరి ముందూ గొప్పలు పోలేదు. ఆమె వచ్చి, బొమ్మ కింద దోసిలి పట్టేది. అతను తలెత్తలేక, సిగ్గుతో చితికిపోతూ, మరో అబద్ధం మొదలుపెట్టేవాడు.