ఆరు ఖాళీ గళ్ళు

ఆఖరి పాటను చెడగొట్టింది ఆయన బావమరిది. అందులో వాదించడానికేమీ లేదు.

ఆయన ఇరవై ఆరు సంగీత నాటకాలకు బాణీలు కట్టాడు. పల్లెటూరి బడిలో నేర్చిన నాలుగు ముక్కలతో పట్నం నాటకశాలలో నెగ్గుకొచ్చాడంటే అది భార్య చలవే. ఏ బాణీ అయినా ముందు ఆమె పాడాలి. కూరలు తరుగుతూ పాడేది, బట్టలు ఆరేస్తూ పాడేది. ఎక్కడ ఊపిరి చాలకపోతే అక్కడ బాణీ మార్చేవాడు.

"మీ హీరోయిన్‌కి ఏనుగు ఊపిరి ఉందనుకున్నారా?" అని దెప్పేది.

చివరి నాటకం నాటికి ఆమె ఊపిరితిత్తులే పాడయ్యాయి. కథలో చావుబతుకుల్లో ఉన్న తల్లి పాటను మంచం మీదే పాడింది. రెండు మాటలు పాడి ఆగేది, గాలికోసం వెతుక్కునేది, మళ్ళీ అందుకునేది. ఆరుచోట్ల ఆగింది. ఎక్కడ ఎంతసేపు ఆగిందో ఆయన మనసులో పెట్టుకుని, స్వరాలు రాసే కాగితం మీద ఆ ఆరు గళ్ళూ ఖాళీగా వదిలాడు. నిశ్శబ్దానికీ ఒక గుర్తుంటుంది. అది పెట్టడానికి చెయ్యాడలేదు. పదో రోజున ఆమె పోయింది.

ఖాళీ గడి కనిపిస్తే వాద్యాలవాళ్ళు నింపుకోవడం నాటకశాల ఆనవాయితీ. ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు. కానీ నాటకం ఆడించేది బావమరిది. అక్క పాడుతుంటే మంచం పక్కనే కూర్చుని విన్నవాడు. వాడికి వేరే చెప్పాలా అనుకుని రిహార్సళ్ళకు వెళ్ళలేదు.

మొదటి ప్రదర్శనలో ఆరుచోట్లా వయొలిన్లు మోగాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తెర వెనక బావమరిదిని నిలదీశాడు. "అవి తీసెయ్."

"జనం ఎగబడుతున్నారు బావా. కుదిరిన పాటను కెలక్కు."

"నువ్వు విన్నావు. నీకు తెలుసు."

"తెలుసు కాబట్టే నింపాను." బావమరిది తెర తాడు పట్టుకున్నాడు. "రిహార్సళ్ళలో ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా అక్క గస పెడుతున్నట్టే ఉంది. రోజుకు ఆరుసార్లు. నావల్ల కాలేదు బావా."

"నావల్ల అయింది. కూర్చుని రాశాను."

బావమరిది ఏడ్చాడు. ఆయన మొహం తిప్పుకుని వచ్చేశాడు. ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేదు.

ఏడాది ఆడి నాటకం ఆగిపోయే ముందు కూతురు వచ్చింది.

"నాన్నా, మామయ్య కింద నిలబడ్డాడు. ఆఖరి ప్రదర్శనలో వయొలిన్లు తీసేస్తాట్ట. ఆ ఆరుచోట్లా అమ్మ ఎంతెంతసేపు ఆగిందో నువ్వు చెబితే చాలట."

"ఇప్పుడు తెల్లారిందా వాడికి?"

"తప్పయిపోయిందంటున్నాడు. నువ్వు చెప్పకపోతే ఇంకెవరికి తెలుసు? అమ్మ పాట నాన్నా అది!"

"మీ అమ్మ పాడినప్పుడు వాడికి చెవులున్నాయి. వాణ్ణి వెళ్ళమను."

"ఒక్కసారి ఆలోచించు..."

"నువ్వు రావాలనుకుంటే రా, తిను, ఉండు. ఈ మాట మాత్రం ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు.