బందెలదొడ్డిలో జోగయ్య

మా మావగారు కూర్మనాథం తెలుగు పంతులుగా రిటైరయ్యారు కానీ, ఎదుటివాళ్ళ తప్పులు దిద్దడం మాత్రం మానలేదు. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ అన్నంతోపాటు ఆయన నాకు వడ్డించేది ఒకటే మాట: "మా తాత జోగయ్య తెల్లోడి జైలుకెళ్ళిన మనిషి. మీ పుట్టింటోళ్ళు గేదెలు కాసుకున్నోళ్ళు." ఆ జోగయ్య పేరు చెప్పి నా చేత ఎన్ని చెంబులు తోమించారో ఆ భగవంతుడికే తెలియాలి.

ఆ జైలు చూడ్డానికే మొన్న ఆదివారం ఆమదాలవలసలో రైలు దిగి, దివాణంపేటకి ఆటో కట్టించుకున్నాం. మావగారు, మా ఆయన గిరిబాబు, నేను, నా ఒళ్ళో ఒక పాలరాతి పలక. "తల్లి కోసం ఇక్కడ చెర అనుభవించిన జోగయ్య" అని దాని మీద చెక్కించారు. తల్లి అంటే భరతమాత అని దారి పొడుగునా మాకు అర్థం చెబుతూనే ఉన్నారు. గొయ్యి వచ్చినప్పుడల్లా ఆ పలక నా మోకాళ్ళ మీద దరువేసింది. మా ఆయన ఫోన్లో క్రికెట్ చూసుకుంటూ కూర్చున్నాడు.

దివాణంపేటలో చూడాల్సినవి మూడే. జమీందారు దివాణం నిండా ఇప్పుడు ధాన్యం బస్తాలు. గడియార స్తంభానికి గడియారం లేదు, స్తంభం మాత్రం ఉంది. మూడోది, సంత వెనక రాతిగోడల ఆవరణ, దానికో ఇనప తలుపు. తలుపు పైన చెరిగిపోతున్న పాత అక్షరాలు: బందెలదొడ్డి.

నాకు నవ్వాగలేదు. "మావయ్యా, ఇది బందెలదొడ్డండీ. పరాయి చేలో పడ్డ పశువుల్ని తోలుకొచ్చి, సొంతదారు బందె, అంటే జరిమానా, కట్టేదాకా పెట్టేది. మా ఊళ్ళోనూ ఉండేది."

"బందీలదొడ్డి!" అని ఉరిమారు. "దకి గుడిదీర్ఘం ఇవ్వాల్సినోడు ఎత్వం ఇచ్చాడు, సదువు లేనెదవ. మా తాత జోగయ్యని పెట్టిన జైలిది!"

పక్కన టీ కాస్తున్న జగ్గమ్మ ఆయనకో గ్లాసు అందిస్తూ, "పశువులదే బాబూ. మా తాతే దీనికి కాపలా" అంది. "ఏ జోగయ్య? ఆవుతో కూకున్న జోగయ్యేటి?"

గ్లాసు మావగారి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"నిండు సూలుతో ఉన్న ఆయన ఆవుని తోలుకొచ్చీసినారట. బందె కట్టడానికి ఆయన కాడ ఏటీ నేదు. ఇది ఈనీదాకా దీన్నొగ్గీసి ఎల్నని దొడ్డి నోపలే కూకున్నాడట. మా తాత తలుపేసీసినా కదల్నేదట. దూడ పడ్డాకే లెగిసినాడు. ఊరంతా నవ్వింది బాబూ."

మావగారు తలుపు దగ్గరున్న రాయి మీద కూలబడ్డారు. నిజం చెప్పొద్దూ, నా కడుపు చల్లబడింది. ఇన్నేళ్ళ గేదెలకి ఈ ఒక్క ఆవు చాలు.

"ఆ పలక ఆటోలో పడెయ్యిరా గిరీ, ఎళ్ళిపోదాం" అన్నారాయన.

హాయిగా నవ్వుకోవాల్సిన దాన్ని, నాకు ఒళ్ళు మండింది. మా పాప పుట్టినప్పుడు నేను నొప్పులతో అరుస్తుంటే, "మగాడికి ఇక్కడేటి పని" అంటూ కొడుకుని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకుపోయింది ఈయనే. ఆ కొడుకు వెళ్ళి మ్యాచ్ చూశాడు.

"ఎక్కడికండీ తీసుకెళ్ళేది?" అన్నాను. "మీ వంశంలో పురుడు దగ్గర కూర్చున్న మగాడు ఈయనొక్కడే. తల్లి కోసం చెర అనుభవించాడని మీరే చెక్కించారు. ఒక్క అక్షరం దిద్దక్కర్లేదు."

గిరిబాబు ఫోన్ జేబులో పెట్టుకుని, సిమెంటు ఎక్కడ దొరుకుతుందని జగ్గమ్మని అడిగాడు.