గాలి చప్పుడు

ఆ ఇంటి అల్లుడికి పని తప్ప పనికి సంబంధించిన మాటలన్నీ వచ్చు. కరెంటు పోతే సిగ్నల్ లాస్ అంటాడు. కూర మాడితే ఓవర్ ఎక్స్‌పోజ్ అయిందంటాడు. పెళ్ళాం రెండు నిమిషాలు పలకకపోతే, ఆడియో మ్యూట్‌లో ఉందా అని అడిగి తనే నవ్వుకుంటాడు. ఈ ఎడిటింగ్ భాష విని మరదళ్ళు అతనికి టైమ్‌లైన్ బావ అని పేరు పెట్టారు. అది బిరుదనుకుని మురిసిపోయాడు మహానుభావుడు.

ముందు గదిలోని ఎడిటింగ్ స్టూడియో అతనిదే. గది, అందులోని కుర్చీ మాత్రం మామగారివి. ఆయన ముప్ఫై ఏళ్ళు రికార్డింగ్ థియేటర్‌లో టేపును బ్లేడుతో కోసి అతికించిన మనిషి. పెద్దకూతురిని చిన్నప్పుడే పక్కన కూర్చోబెట్టుకుని, కోసే ముందు విను, కోశాక మళ్ళీ విను అని నేర్పాడు. ఆమెది అచ్చం తండ్రి చెవి. అయినా పెళ్ళయ్యాక కుర్చీ మొగుడికి దక్కింది, ఆమెకు వైర్లు చుట్టిపెట్టే పని మిగిలింది. నోరెత్తి అడగని తప్పు తనదేనని తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండుతుంది.

గొంతు ఆపరేషన్ తర్వాత తండ్రికి స్వరం పోయి ఊపిరి మిగిలింది. గాలి వదులుతూ గుసగుసగా మాట్లాడేవాడు. పోయే ముందు వారం పెద్దకూతురి కోసం నాలుగు నిమిషాలు మాట్లాడితే, ఆస్పత్రి మంచం పక్కన నిలబడి తల్లి ఫోనులో వీడియో తీసింది. ఆ రోజు కూతురు అక్కడ లేదు. తర్వాత ఆమె వింటానంటే, ముందు సౌండ్ క్లీన్ చెయ్యాలంటూ భర్త అత్తగారి దగ్గర ఫోను అడిగి పట్టుకుపోయాడు. తల్లిని అడిగితే, ఆయన నోటే విను అని దాటేసింది. నాన్న తనకేం చెప్పాడో ఆమె ఇంతవరకు వినలేదు.

ఆదివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్ళిద్దరూ స్టూడియోలో స్టూళ్ళ మీద కూర్చున్నారు. అతను కుర్చీలో వెనక్కి వాలి మీట నొక్కాడు. తెర మీద తండ్రి పెదవులు కదిలాయి. మందుల ట్రాలీ చక్రాలు కిర్రుమన్నాయి. గ్లాసులో చెంచా మోగింది. నర్సు ఎవరినో పిలిచింది. అన్నీ స్పష్టంగా వినిపించాయి, ఆయన మాట తప్ప.

"నాన్న మాట ఏదండీ?"

"ఉండాలే. నాయిస్ రిడక్షన్ కొట్టాను. ఉత్త నాయిస్ ఉన్న ముక్క ఒకటి శాంపిల్‌గా చూపిస్తే, అలాంటి చప్పుడంతా సాఫ్ట్‌వేరే తుడిచేస్తుంది."

"ఏ ముక్క చూపించారు?"

"మొదట్లోది. తెర మీద వేవ్‌ఫామ్ గీత చదునుగా ఉంది. ఉత్త గాలి చప్పుడు."

"విన్నారా?"

"వినడమెందుకు, చూస్తే తెలుస్తుందిగా."

ఆ గాలి చప్పుడే నాన్న. ఈ మేధావి ట్రాలీని మాట అనుకుని, మనిషిని తుడిచిపెట్టాడు.

"అసలు ఫైలు?"

"దాని మీదే సేవ్ చేశాను. ఫోనులోది స్పేస్ లేదని డిలీట్ చేశాను. అయినా విజువల్ బాగుంది కదా."

ఆమెకు ఏడుపుకంటే ముందు అసహ్యం వచ్చింది. ఇలాంటివాడి వెనకాలా తను ఇన్నేళ్ళు వైర్లు చుట్టింది?

"మళ్ళీ మొదటినుంచి పెట్టవే," అంది తల్లి. "ఆర్నెల్లు ఆ పెదాలు చూసే ఆయనకేం కావాలో తెలుసుకున్నాను. నేను చెప్తాను."

కూతురు తల్లి ముందు మైకు పెట్టింది. తను హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, అతని ముందునుంచి చెయ్యి చాపి మీట నొక్కింది. తెర మీద పెదవులు కదిలాయి. వాటి వెంటే తల్లి గొంతు నడిచింది.

"అమ్మాయీ, నా కుర్చీలో నువ్వు కూర్చో. నువ్వు కూర్చుంటావనే నీకు పని నేర్పాను. ఈ ఫోను నీ చేతికే ఇమ్మని మీ అమ్మకి చెప్పాను. అల్లుడికి ఇవ్వద్దన్నాను. అతనికి చూడడమే వచ్చు."

తల్లి అక్కడ ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది.

"ఆయన చెప్పారే. అల్లుడుగారికి అన్నీ తెలుసు కదా అని నేనే ఇచ్చాను."

అతను గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యగారూ, ఆ చివరి ముక్క కట్ చేసేద్దాం. ఫ్లోకి అడ్డం వస్తోంది."

కూతురు హెడ్‌ఫోన్స్ తియ్యలేదు. అతని వైపు తిరగనూ లేదు.

"ఆ కుర్చీలోంచి లేచి, బయటికెళ్ళి తలుపు వెయ్యండి," అంది. "మీ చప్పుడు మైకులో పడుతోంది."