ఎల్ట్యో పూడ్చిన పగుళ్లు

హోక్స్‌వెర్డ్ ఊరి చర్చి గోపురం తాళంచెవి నలభై ఏళ్లుగా ఎల్ట్యో జేబులోనే ఉంది. ఆయనకిప్పుడు డెబ్బై నాలుగు. సముద్రం పొంగినా మునగకుండా తాతముత్తాతలు తట్టలతో బంకమట్టి మోసి దిబ్బ పోశారని, దాని మీద ఎనిమిది వందల ఏళ్ల కిందట ఇటుకలు కాల్చి గోపురం లేపారని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. వినేవాళ్లు ఆవులించినా చెప్పేవాడు.

నేల కింది గ్యాస్ తోడడం మొదలయ్యాక ఊరు అప్పుడప్పుడూ వణికేది. అల్మరాలో కప్పులు గలగలమనేవి. మర్నాడు గోపురం గోడ మీద వెంట్రుకంత పగులు కనబడేది. ఇళ్లవాళ్లందరూ నష్టపరిహారం కోసం ఫిర్యాదులు రాసుకున్నారు. ఎల్ట్యో మాత్రం రాయలేదు. ఏటా సెప్టెంబరులో ఎక్కడెక్కడి జనమో గోపురం చూడ్డానికి వస్తారు, వాళ్లకి పగిలిన గోడ చూపిస్తాడా? కిటికీ అద్దం మీద వేలిముద్ర ఉన్నా తలవంపులనుకునే ఊరది. నిచ్చెనెక్కి, సున్నంలో ఆ గోడ నుంచే రాలిన పాత ఇటుకల పొడి కలిపి, పగులు పూడ్చి, రంగులో రంగు కలిసేదాకా గుడ్డతో రుద్దేవాడు.

"మన వంటింటి గోడ కూడా పగిలిందయ్యా, అది నీ కంటికి ఆనదా?" అని భార్య హిల్యె దెప్పేది.

"దాన్ని చూడ్డానికి ఎవడొస్తాడే?" అనేవాడు.

పదకొండేళ్లు అలాగే గడిచాయి. ఈ మార్చిలో కుదుపేమీ లేకుండానే, ఒక గాలివాన రోజు గోపురం పైనుంచి కిందిదాకా చీలింది. చెయ్యి దూరేంత చీలిక. నష్టపరిహారం ఆఫీసు నుంచి మారైకె అనే ఇంజనీరు వచ్చింది. ఇన్నేళ్ల కుదుపుల వల్లే గోడ దెబ్బతిందని ఆమె రాస్తే బాగుచేయిస్తారు. లేదంటే ప్రమాదమని కూల్చేస్తారు.

హిల్యె తమ వంటింట్లో కాఫీ పోసి, తలా ఒక బిస్కెట్టిచ్చి డబ్బా మూసేసింది. మారైకె సంచిలోంచి చిన్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. అది ఊరి చరిత్ర. రాసింది ఎల్ట్యోయే.

"పెద్దాయనా, 'ఎనిమిది వందల ఏళ్లలో ఈ గోడకు ఒక్క గీత పడలేదు' అని మీరే రాశారు, పోయినేడే."

"అదేదో గొప్పకి రాశానమ్మా."

"గోపురం మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. మీ పక్కింటివాళ్ల కోళ్లగూటి మీద మూడున్నాయి! పాత ఫొటోల్లోనూ గోడ నున్నగా ఉంది. నేనేమని రాయను?"

"పగుళ్లు ముప్ఫై దాకా ఉన్నాయమ్మా. అన్నీ నేనే పూడ్చాను."

"నిచ్చెన పట్టుకుంది నేనే," అంది హిల్యె. "నేను చెప్తే చాలదా?"

"చాలదండి. కంటికి కనబడాలి. చూపించండి, రాస్తాను."

ఎల్ట్యోకి ప్రాణం లేచొచ్చింది. తాపీ పట్టుకుని దిబ్బ మీదికి దాదాపు పరిగెత్తాడు. ఉత్తరం గోడకి, తలుపు పక్కన, మోకాలెత్తులో ఒకటుండాలి. వేళ్లతో తడిమాడు. నున్నగా ఉంది. ఇంకాస్త పైన గీకాడు. ఎర్రటి పొడి రాలింది, దాని కింద సున్నం. అది తను పెట్టిందా, ఎనిమిది వందల ఏళ్ల నాటిదా? ఎంత చూసినా పోల్చుకోలేకపోయాడు.

"ఆ ముక్క పరీక్షకి పంపించరాదూ?" అని హిల్యె బతిమాలింది.

"సున్నం అలాంటిదే, ఇటుకలూ ఆ గోడవేనంటున్నారు. పరీక్షలో ఏం తేలుతుందండీ?" అంది మారైకె. ఆమెకీ కష్టంగానే ఉంది.

ఎల్ట్యో వినలేదు. ఇక్కడ గీకాడు, అక్కడ గీకాడు. ఒక ఇటుక అంచు విరిగి గడ్డిలో పడింది. మారైకె వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆపండి పెద్దాయనా. ఇక ఇది కూడా రాసుకోవాల్సొస్తుంది."

ఆయన తాపీ దించాడు. గోడకి వీపానించి నేల మీద కూలబడి, పసివాడిలా ఏడ్చాడు.

"ఒక్కటైనా వంకరగా పూడ్చి ఉండాల్సింది హిల్యె," అన్నాడు.

హిల్యె వంగి, ఆయన మోచేతుల మీది ఇటుకపొడి దులిపింది.