ఇడ్లీపాత్ర అడుగున పావలా

నేను ఒక పావలా బిళ్లను. ప్రస్తుతం మాడిన ఇడ్లీపాత్ర అడుగున నల్లబడి ఉన్నాను. నా పైన తగాదా నడుస్తోంది.

“నీకు వినపడటం లేదమ్మా. ఒప్పుకోవేం?” చెవి దగ్గరకొచ్చి అంటున్నాడు శేషగిరి.

“నా చెవులకేం, నిక్షేపంగా ఉన్నాయి,” అంది అతని తల్లి మాణిక్యాంబ.

“మరి పక్కనే కూర్చుని పాత్రెందుకు మాడబెట్టావు? రేపట్నుంచి వంటింట్లోకి రాకు.”

టంకశాలలో పుట్టినప్పుడు నా ఒంటిమీద ఖడ్గమృగం తళతళలాడేది. కండక్టర్ల సంచుల్లో తిరిగి తిరిగి అరిగింది. పావలాలు చెల్లవన్న ఏడు ఇంట్లోవాళ్లు నన్ను పారేయబోతే, మాణిక్యాంబ తోమి ఈ పాత్రలో వేసింది. ఆవిడ అత్తగారు నేర్పిన పద్ధతి అది. అడుగున నీళ్లున్నంతసేపూ బిళ్ల టకటకమంటుంది. ఆగిందంటే నీళ్లు ఇగిరిపోయినట్టే.

ఆ చప్పుడు నా గొప్పేనని ఇంట్లోవాళ్ల నమ్మకం. నేను చేసేదేమీ లేదు. మంట తగిలాక నీళ్లు కాసేపు గుసగుసలాడతాయి. తర్వాత నా కింద బుడగలు పుడతాయి. అవీ నీళ్లే. వేడికి ఆవిరై, ఉన్నచోట ఇమడలేక, నన్నెత్తి పడేసి పైకి పోతాయి. ఆ ఆవిరే పిండిని ఉడికిస్తుంది. కొంత మూతకు తగిలి చల్లబడి, మళ్లీ చుక్కలై రాలుతుంది. కొంత సందుల్లోంచి వెళ్లిపోతుంది. వెళ్లిపోయిన సంగతి చెప్పడానికే నేను.

ఏడాదిగా మాణిక్యాంబ నన్ను వినడం లేదు. గుడ్డతో పాత్ర పిడి పట్టుకుని నా అదురు తెలుసుకుంటోంది. వినపడదంటే పొయ్యి దగ్గర్నుంచి లేపేస్తారని ఆవిడ భయం. ఈ ఉదయం కొబ్బరి తురుముతూ పిడి పట్టుకోవడం మరిచింది.

“అత్తయ్యగారి తప్పు కాదండీ,” అంది కోడలు విమల. “నీళ్లు నేనే తక్కువ పోశాను.”

అబద్ధం. రెండు గ్లాసులూ నిండుగా పోసింది. మునిగినదాన్ని, నాకు తెలియదా?

“నీకు ఈ జన్మకి కొలత రాదు,” అన్నాడు శేషగిరి. ఎంత గట్టిగా అన్నాడంటే, మాణిక్యాంబకు కూడా వినపడింది.

ఆవిడ నన్ను గరిటెతో తీసి నీళ్ల చెంబులో వేసింది. చుయ్‌మన్నాను. చుట్టూ ఉన్న కాసిని నీళ్లు అప్పటికప్పుడే ఆవిరై లేచాయి. ఆవిడ వాటినే చూస్తూ నిలబడింది. తర్వాత నన్ను చింతపండుతో తోమి, అరచేతిలో పెట్టుకుని, టిఫినుకి చేరిన అందరి ముందుకూ వచ్చింది.

“విమల కొలత సరిగ్గానే ఉంది,” అంది, గొంతు పెంచకుండా. “దీని చప్పుడు నాకు వినపడి ఏడాదైంది. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు శేషూ, చెవికి మిషను పెట్టించుకుంటాను. అందాకా చప్పుడు విమల వింటుంది. ఇడ్లీ నేనే వేస్తాను.”